నలభై నాలుగు చుట్లు

ఆ ఇంట్లో పిల్లల్ని కాలేజీకి పంపాలంటే వాళ్ళకు ఒకటే అర్హత ఉండాలి. పనికిరాకపోవడం.

నవ్వకండి, నిజమే చెబుతున్నాను. తమ్ముడు పద్నాలుగో ఏట ఒక మోటారు విప్పి, మళ్ళీ బిగించి, నాలుగు మరలు మిగిల్చాడు. పదిహేనో ఏట తీగ కొసలు తలకిందులుగా కలిపాడు. ఆ మోటారు ఎద్దులా రంకె వేసి, ఉన్నచోటే పొగ కక్కింది. పదహారో ఏట వార్నిష్ డబ్బా మీద కూర్చున్నాడు, దానికి మూత లేదని చూసుకోకుండా. ఆ రోజే వాళ్ళ నాన్న తేల్చేశాడు. "వీడికి చేతిపని అచ్చిరాదు. చదివించాల్సిందే."

అక్క సంగతి వేరు. మోటారు వైండింగ్ షాపులో పదేళ్ళ వయసు నుంచీ తండ్రి పక్కనే కూర్చుంది. తీగను వేళ్ళ మధ్య ఒకసారి నలిపి ఎంత మందమో చెప్పేస్తుంది. కాయిల్‌ని ఇనుప గాడిలో కూర్చుతుంటే అడుగున పరిచిన కాగితం చిరగదు, తీగ గీసుకోదు. వీధిలో అందరూ తండ్రిని మేస్త్రి అంటారు, ఆమెను చిన్న మేస్త్రి అంటారు. అంత బాగా పని వచ్చాక ఇక కాలేజీ ఎందుకు? ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, ఆ ఇంట్లో డబ్బుకు ఇబ్బంది లేదు, ఆడపిల్ల కదా అన్న అడ్డూ లేదు. పని వచ్చు కాబట్టి ఉండిపోవాలి, అంతే. అన్యాయాల్లో ఇదొక రకం. పొగిడి మరీ కూర్చోబెడతారు, కోప్పడడానికి కూడా వీలుండదు.

చిన్న మేస్త్రి మాత్రం పని మానకుండానే చదివి, తమ్ముడితో పాటు పరీక్ష రాసి, వాడి కంటే మంచి మార్కులతో గట్టెక్కింది. విద్యుత్ ఇంజనీరింగులో సీటు వచ్చింది. శుక్రవారం సాయంత్రం నాలుగు గంటల్లోపు తండ్రి సంతకంతో వచ్చి చేరాలని ఉత్తరం వచ్చింది. సోమవారం పొద్దున ఆ కాగితం పట్టుకుని తండ్రి ముందు నిలబడింది.

ఆయన నేల మీద గోనెపట్టా పరుచుకుని, నీళ్ళ పంపుల కార్యాలయం నుంచి వచ్చిన పెద్ద మోటారును కాళ్ళ మధ్య పెట్టుకుని, ఉలితో కాలిన తీగను కోస్తున్నాడు. ఊరి సగానికి నీళ్ళు తోడే మోటారు అది. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది.

"నాన్నా, ఇక్కడో సంతకం పెట్టు."

"ఏం సామాను వచ్చింది?"

"సామాను కాదు. కాలేజీ."

ఉలి మీద మూడు దెబ్బలు పడ్డాయి. నాలుగోది ఆగింది.

"వీడున్నాడుగా కాలేజీకి," అన్నాడు కొడుకు వైపు ఉలి చూపించి. తమ్ముడు గుమ్మంలో కూర్చుని, కొత్త చెప్పులు తొడిగి చూసుకుంటున్నాడు.

"వాడు వాడి కోసం వెళ్తాడు. నేను నా కోసం వెళ్తా."

"అక్కడ చదివినవాళ్ళంతా కాలిన మోటార్లు మోసుకుని మన గుమ్మానికే వస్తున్నారే! నువ్వు అక్కడికి వెళ్ళి ఏం నేర్చుకుంటావు? కాల్చడమా?"

లోపలి నుంచి తల్లి నవ్వు వినిపించింది. తండ్రికి ఉత్సాహం వచ్చింది. చిన్న మేస్త్రికి మాత్రం ఒళ్ళు మండింది.

"మొన్న ఆ పంకా మోటారులో ఎన్ని చుట్లు వేశాం?"

"ముప్పై ఆరు."

"ముప్పై ఆరే ఎందుకు? నలభై ఎందుకు కాదు?"

"పాతదాంట్లో ముప్పై ఆరున్నాయి కాబట్టి."

"పాతదాంట్లో ఎందుకున్నాయి?"

"మొదట చుట్టినవాడు అన్ని చుట్టాడు కాబట్టి."

"వాడికి ఎవరు చెప్పారు?"

మేస్త్రి ఉలి కింద పెట్టాడు. ముప్పై ఏళ్ళ అనుభవంలో ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు. అడగనివాళ్ళ మీద లేని కోపం అడిగిన కూతురి మీద వచ్చింది.

"వాడికెవరు చెప్పారో నాకెందుకు? పని నేర్పించిన తండ్రిని నిలబెట్టి ప్రశ్నలడుగుతావా? చెయ్యి తిరిగిన దానివి, ఈ షాపు నీదే అనుకున్నాను. నువ్వెళ్ళి బల్ల మీద కూర్చుని కాగితాలు నలుపుతానంటే ఇక్కడ ఎవరు చుడతారు? వీడా?"

"నన్ను మధ్యలోకి లాగకు నాన్నా," అన్నాడు తమ్ముడు.

తల్లి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గుమ్మానికి ఆనుకుంది. "బాగుందయ్యా మీ న్యాయం! పనికిరానివాడు కాలేజీకి, పనికొచ్చేది ఇంటికి. నేనూ పనికొచ్చేదాన్నే. అందుకే ఇరవై ఏళ్ళుగా వంటింట్లో ఉన్నాను."

సరిగ్గా అప్పుడు పాత సామాన్లు కొనే అతను బండి తోసుకుంటూ వచ్చి, "రాగి ఏమన్నా ఉందా మేస్త్రీ?" అని కేకేశాడు. మేస్త్రి చరాలున లేచాడు. కోసిన తీగ మొత్తం రెండు చేతులా పోగుచేసి, గోడ మేకుకు తగిలించి ఉన్నది కూడా లాగి, తీసుకెళ్ళి బండిలో విసిరేశాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే అదే. తూకం కూడా చూడలేదు. లోపలికి వచ్చి, కూతురి చేతిలోని కాగితం వైపు చూడకుండా, "ఆ మోటారు గాళ్ళు శుభ్రం చెయ్యి," అన్నాడు.

ఆమె కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకుంది. బ్రష్ తీసుకుని గాళ్ళు శుభ్రం చేసింది. ముప్పై ఆరు గాళ్ళు. ఒక్కో దాంట్లో మాడిన మసి గీరుతుంటే కళ్ళలో నీళ్ళు వచ్చాయి. మసి వల్ల అనుకోవడానికి వీలుగా మోచేత్తో తుడుచుకుంది.

*

ఆ షాపులో ఒక కట్టుబాటు ఉంది. కాలిన మోటారులోంచి తీగ లాగేటప్పుడు ఒక కాయిల్‌ని చెదరకుండా తీసి గోడ మేకుకు తగిలిస్తారు. దాన్ని సాక్షి అంటారు. సాక్షిలో ఎన్ని చుట్లు ఉన్నాయో లెక్కపెట్టి పుస్తకంలో రాస్తారు. రాసేసినా సరే, మోటారు బాగై గడప దాటేదాకా సాక్షి మేకు మీదే ఉండాలి. చుట్లు నాలుగు తగ్గితే మోటారు కాలిపోతుంది, నాలుగు పెరిగితే నీరసపడుతుంది. అసలు సంఖ్య చెప్పగలిగింది ఆ పాత కాయిల్ ఒక్కటే. ఈ కట్టుబాటు పెట్టింది మేస్త్రే. తప్పినవాళ్ళకు భోజనం ఉండదని కూడా ఆయనే చెప్పాడు.

మంగళవారం పొద్దున చిన్న మేస్త్రి తీగ చుట్టే చెక్క అచ్చు బిగించి, దాన్ని తిప్పే పిడి పట్టుకుని కూర్చుంది. "ఎన్ని చుట్లు నాన్నా?"

"పుస్తకం చూడు."

చూసింది. తేదీ ఉంది, గాళ్ళ సంఖ్య ఉంది, తీగ మందం ఉంది. చుట్లు అని రాసిన గడి ఖాళీ. మేకు వైపు చూసింది. అదీ ఖాళీ.

మేస్త్రి కూడా తల ఎత్తి మేకును చూశాడు. "సాక్షిని ఎవరు తీశారు?" అని గద్దించాడు. తీసినవాడే అడుగుతుంటే ఎవరు పలుకుతారు? కాసేపటికి ఆయనకే గుర్తొచ్చింది.

పాత సామాన్ల అతని దగ్గరికి చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు. కూతురు వెనకే పరిగెత్తింది. అతను బండి కడుక్కుంటున్నాడు.

"నిన్నటి రాగా? నిన్ననే కొలిమికి పోయింది మేస్త్రీ. ఈపాటికి చెంబో గిన్నో అయిపోయి ఉంటుంది."

మేస్త్రి అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. ఎన్ని మోటార్లు చూసిన మనిషి! ఆమెకు జాలేసింది. సోమవారం నాటి కోపం ఇంకా ఉంది, అయినా జాలేసింది.

తిరిగి వచ్చేసరికి నీళ్ళ పంపుల ఇంజనీరు షాపులో కూర్చుని ఉన్నాడు. తమ్ముడు ఆయనకు టీ ఇచ్చి, ఏదో చెప్పి నవ్విస్తున్నాడు. ఆ విద్యలో వాడిని కొట్టేవాడు లేడు.

"మేస్త్రీ, రెండో మోటారు మూలుగుతోంది. అది కూడా పడిపోతే జనం బిందెలతో నా మీదికి వస్తారు. శుక్రవారం పొద్దుటికి ఇది కావాలి."

మేస్త్రి దాచలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. దాచే అలవాటు లేని మనిషి, అది ఒప్పుకోవాలి. ఇంజనీరు టీ గ్లాసు కింద పెట్టాడు.

"సార్, దీనికి లెక్క ఉంటుందిగా," అంది చిన్న మేస్త్రి. "తీగ కూర్చే ఇనుప దిమ్మ కొలతల్ని బట్టి చుట్లు ఎన్నో లెక్కగట్టొచ్చు. మీరు చదువుకున్నారుగా?"

"చదివానమ్మా. పరీక్ష రాసి బయటికొచ్చి, గేటు దగ్గరే మర్చిపోయాను," అన్నాడాయన నిజాయితీగా. "మా నాన్న చేర్పించాడు. ఎందుకని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. నా పక్కనవాడు మంచి సంబంధం వస్తుందని చేరాడు. ఇంకొకడు ఇంట్లో తెల్లారే లేపుతున్నారని హాస్టల్ కోసం చేరాడు. మేమంతా ఇప్పుడు ఇంజనీర్లమే."

మేస్త్రి పగలబడి నవ్వాల్సిన మాట అది. నవ్వలేదు. మోటారు దగ్గర గొంతుక్కూర్చుని, దిమ్మ లోపల అరచెయ్యి తిప్పి, కళ్ళు మూసుకున్నాడు. "యాభై వేద్దాం. ఇలాంటి దిమ్మకు యాభై వేసిన గుర్తు."

"ఇలాంటిదేనా, ఇదేనా?"

"ఇలాంటిదే."

"నాన్నా, తప్పయితే పంపు మీద పెట్టాక తెలుస్తుంది. మళ్ళీ అంతా కొయ్యాలి. సాయంత్రం దాకా నాకు టైమివ్వు. నేను లెక్క చేస్తా."

"నువ్వా? ఏం చూసి?"

"పుస్తకం చూసి."

ఏ పుస్తకమని ఆయన అడగలేదు. అడిగితే కాలేజీ పుస్తకమని వస్తుంది. ఇంజనీరు ఇద్దరి వంకా చూసి, "సాయంత్రం దాకా పోయేదేముంది మేస్త్రీ, ఎటూ సాక్షి పోయింది," అన్నాడు.

*

ఆమె కాగితపు పట్టీని దిమ్మ లోపల గుండ్రంగా తిప్పి, గోటితో గుర్తు పెట్టి, తీసి స్కేలు మీద పరిచింది. దిమ్మ పొడవు కొలిచింది. గాళ్ళ మధ్య పళ్ళ మందం కొలిచింది, మూడు చోట్ల. బల్ల మీద పాత పాఠ్యపుస్తకం తెరిచి లెక్క మొదలుపెట్టింది. అన్నీ కుదిరాయి, ఒక్కటి తప్ప. ఇనుము ఎంత అయస్కాంత బలాన్ని మోయగలదో చెప్పే అంకె ఒకటి కావాలి. పుస్తకంలో ఆ అంకె ఇక్కడి నుంచి ఇక్కడి దాకా ఉండొచ్చని రాసి వదిలేశారు. చిన్న అంకె వేస్తే యాభై మూడు చుట్లు వస్తున్నాయి. పెద్దది వేస్తే ముప్పై ఎనిమిది. పుస్తకం రాసినవాడికేం, వాడు శుక్రవారం పొద్దున పంపు బిగించాలా పెట్టాలా!

తండ్రి చెప్పిన యాభై కూడా ఆ రెండింటి మధ్యే ఉంది. ఆమె పెన్సిలు కొరుకుతూ కూర్చుంది. గోడ అలమరలో తండ్రి రాసుకున్న పుస్తకాలు వరసగా ఉన్నాయి, ముప్పై ఏళ్ళవి. ప్రతి మోటారుకూ పొడవు, వెడల్పు, గాళ్ళు, చుట్లు. అవి చూస్తూ చూస్తూ లేచి నిలబడింది.

ఈ అంకె పుస్తకం చెప్పకపోతే నాన్న పుస్తకాలు చెబుతాయి! ఇదే కంపెనీ మోటార్లు, ఇదే కాలం ఇనుము. వాటి చుట్లు తెలుసు, కొలతలు తెలుసు. లెక్కను వెనక నుంచి చేసుకుంటూ పోతే ఆ ఇనుము ఎంత మోసిందో బయటపడుతుంది. మధ్యాహ్నమంతా చేసింది. ఎనిమిది మోటార్లు దొరికాయి. ఎనిమిదింటికీ ఇంచుమించు ఒకే అంకె వచ్చింది. దాన్ని పెద్ద మోటారుకు వేస్తే నలభై నాలుగు.

"నాన్నా, నలభై నాలుగు."

మేస్త్రి తల తిప్పలేదు. "నీ కాగితం చెప్పిందా?"

"నా కాగితం సగం, నీ పుస్తకం సగం."

ఆ మాటకు వచ్చి బల్ల దగ్గర నిలబడ్డాడు. అంకెల వైపు చాలాసేపు చూశాడు. తర్వాత అలమరలోంచి ఇంకో పుస్తకం, ఆమె ముట్టుకోనిది తీసి, ఒక పేజీ తెరిచి, చుట్ల గడి మీద అరచెయ్యి పెట్టి మూసేశాడు. "చెప్పు చూద్దాం. పొడవిది, వెడల్పిది."

ఆమె లెక్క చేసింది. "ముప్పై రెండు."

చెయ్యి తీశాడు. ముప్పై రెండు. తమ్ముడు గుమ్మంలోంచి ఈల వేశాడు. మేస్త్రి వాడిని కసిరి, ఇంకో పేజీ తిప్పి చెయ్యి పెట్టాడు.

"ఇరవై ఎనిమిది."

ఇరవై ఎనిమిదే. తల్లి కూడా చేతిలో గరిటెతో వచ్చి నిలబడింది. మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. మూడో పేజీ ఏరికోరి వెతికాడు. చెయ్యి పెట్టాడు.

ఆమె రెండుసార్లు చేసింది. "యాభై రెండు."

చెయ్యి తీసి ఒక్కసారిగా నవ్వేశాడు. "యాభై ఎనిమిది! చూడు, నా రాతే! దొరికిపోయావా! ఆరు చుట్లు తేడా. నీ కాగితాన్ని నమ్ముకుంటే ఊరు గొంతెండిపోయేది."

ఆమె మూడోసారి చేసింది. మళ్ళీ యాభై రెండే. "ఇది తప్పు కాదు నాన్నా. ఈ మోటారుకి యాభై ఎనిమిది ఎక్కువ. అన్ని చుట్లుంటే దానికి బలం చాలదు. బరువు పడగానే ఆగిపోవాలి."

మేస్త్రి నవ్వు సగంలో ఆగిపోయింది. పేజీ పైన ఎవరి మోటారో రాసి ఉంది. కట్టె కోత మిల్లుది.

ఆ మిల్లు ఓనరు మూడుసార్లు ఆ మోటారు తెచ్చాడు. మొద్దు కాస్త లావుగా ఉంటే చాలు, రంపం ఆగిపోతోంది మేస్త్రీ, అని మొత్తుకున్నాడు. మేస్త్రి బెల్టు వదులన్నాడు, రంపం మొండి అన్నాడు, మొద్దు పచ్చిది అన్నాడు, చివరికి నీకు మిల్లు నడపడం రాదన్నాడు. ప్రతిసారీ పాత తీగ కోసి, లెక్కపెట్టి, ఆ యాభై ఎనిమిదే మళ్ళీ చుట్టాడు. మొదటిసారి వచ్చినప్పుడే అది ఇంకో షాపువాడు చుట్టిన మోటారు. కట్టిన దారం రంగు వేరుగా ఉండడం ఆయనకు బాగా గుర్తుంది.

బల్ల అంచు పట్టుకుని నెమ్మదిగా కూర్చున్నాడు.

"ఎవడో తప్పు చుట్టాడు," అన్నాడు పేజీ మీద వేలు పెట్టి. "నేను ఆ తప్పును పూస గుచ్చినట్టు లెక్కపెట్టి, మళ్ళీ అదే చుట్టాను. మూడుసార్లు. పైగా ఆ పెద్దమనిషిని తిట్టాను."

తమ్ముడు ఉండలేకపోయాడు.

"నాన్నా, నాదీ ఒక మాట. నన్నొక్కణ్ణే కాలేజీకి పంపితే అది చెత్తబుట్ట అని వీధంతా అనుకుంటుంది. అక్కని కూడా పంపావనుకో, నాకూ కాస్త మర్యాద ఉంటుంది."

"నోరు మూసుకోరా," అన్నాడు మేస్త్రి. కానీ ఆ గొంతులో కసురు లేదు. లేచి, పెద్ద మోటారు పేజీ తీసి, ఖాళీ గడిలో నలభై నాలుగు అని రాశాడు. తను ఎప్పుడూ కూర్చునే పీట మీద కూతుర్ని కూర్చోబెట్టి, తీగ చుట్ట తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. "చుట్టు. నేను లెక్కపెడతా."

*

బుధవారం ముప్పై ఆరు కాయిళ్ళు చుట్టారు. ఆమె పిడి తిప్పుతుంటే ఆయన పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. నలభై నాలుగు రాగానే "ఆ" అనేవాడు, ఆమె కత్తిరించేది. గాళ్ళలో కాగితం పరిచి, తీగను పోగులు పోగులుగా దించి, వెదురు పుల్లలతో బిగించారు. గురువారం కొసలు కలిపి, వార్నిష్ పోసి, మోటారును వేడిపెట్టెలో ఆరబెట్టారు. కాలేజీ మాట ఇద్దరూ ఎత్తలేదు. ఆమెకు లోపల గుబులుగానే ఉంది. మోటారు తిరిగితే "చూశావా, నువ్వు లేకపోతే షాపు ఏమైపోయేది" అంటాడు. తిరక్కపోతే "నీ చదువు ఇదా" అంటాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెండింటి మధ్య నిలబడి తీగ కట్టుకుంటూ పోయింది.

శుక్రవారం పదకొండు గంటలకు పంపుగదిలో మోటారు బిగించడం పూర్తయింది. తడి నేల, గోడల మీద పాకుడు, లావుపాటి గొట్టాలు. మూలన రెండో మోటారు రోగిష్ఠిలా మూలుగుతోంది. ఇంజనీరు దాన్ని ఆపించి, కొత్తదాని మీట దగ్గర నిలబడ్డాడు. పనివాళ్ళు నలుగురు వెనక్కి జరిగారు. ఒకడు గుమ్మం బయటికే వెళ్ళి నిలబడ్డాడు.

"మోటారుకు బిగించిన రేకు మీద పదిహేను ఆంపియర్లని ఉంది," అన్నాడు ఇంజనీరు. "పదిహేడు దాటితే ఆపేస్తాను."

మేస్త్రి మీటరు కూతురి చేతికిచ్చాడు. ఆమె దాని కొక్కేన్ని తీగ చుట్టూ తగిలించింది. "వెయ్యండి సార్," అంది.

మీట పడింది. మోటారు ఒక్క ఊపు ఊగి, ఊపిరి పీల్చి అందుకుంది. ముల్లు చివరి దాకా ఎగిరి, అక్కణ్ణుంచి దిగడం మొదలుపెట్టింది. గొట్టంలో నీళ్ళు ఎక్కుతున్న చప్పుడు. ముల్లు ఇరవై దగ్గర, పద్దెనిమిది దగ్గర, పదహారు కూడా దాటి... నిలిచింది.

"పదిహేను," అంది. రెండో తీగకు తగిలించింది. "పదిహేను." మూడో తీగ. "ఇదీ పదిహేనే నాన్నా!"

గుమ్మం బయటికి వెళ్ళినవాడు లోపలికొచ్చి చప్పట్లు కొట్టాడు. మేస్త్రి వంగి, మోటారు ఒంటి మీద అరచెయ్యి ఆనించి, అలాగే పావుగంట ఉన్నాడు. వేడెక్కలేదు. లేచి నిలబడి, వార్నిష్ అంటిన ఆ చేత్తోనే కూతురి తల నిమిరాడు. ఆమె జుట్టంతా జిగురు అయిపోయింది. ఆమెకది పట్టలేదు. గంతులెయ్యాలనిపించింది. పంపుగది కాబట్టి, నేల జారుతుంది కాబట్టి ఆగింది.

ఇంజనీరు నుదురు తుడుచుకున్నాడు. "శభాష్! ఇంకేం మేస్త్రీ, అమ్మాయికి ఇంక కాలేజీ ఎందుకు? అన్నీ వచ్చేశాయి."

"ఆ మాట సోమవారం నేనన్నాను. నా మాట నాకే అప్పజెప్పకండి," అన్నాడు మేస్త్రి. అని కూతురి వైపు తిరిగాడు. "ఏమ్మా, అన్నీ వచ్చేశాయా?"

ఆమె మీటరు తీగ చుట్టుకుంటూ ఆలోచించింది. అవునంటే ఇక్కడితో అయిపోతుంది. అయినా అబద్ధం నోటికి రాలేదు.

"రాలేదు నాన్నా. ఆ లెక్కలో నాలుగున్నరకి దగ్గరగా ఒక అంకె ఉంది. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలీదు. వెయ్యమన్నారు, వేశాను. నువ్వు మిల్లు మోటారుని చూసి చుట్టావు, నేను పుస్తకాన్ని చూసి చుట్టాను. రేపు ఆ పుస్తకంలోనే తప్పుంటే నేనూ పట్టుకోలేను."

మేస్త్రి తలాడించాడు. "కాగితం ఎక్కడుంది?"

"ఇంట్లో."

"ఇంట్లో లేదు," అన్నాడు గుమ్మం దగ్గర నిలబడ్డ తమ్ముడు, చొక్కా లోపలి నుంచి తీస్తూ. "అక్కని నమ్ముకుంటే కుదరదని నేనే తెచ్చాను. నా మర్యాద కూడా ఇందులోనే ఉందిగా."

కాలేజీ మూడు గంటల దారి, బట్టలు మార్చుకునే సమయం లేదు. సామాను బండి వెనక ముగ్గురూ ఎక్కి, దారిలో రెండుచోట్ల ఆగిపోయి, మూడుంబావుకు కాలేజీ ఆఫీసుకు చేరారు. కిటికీ దగ్గర పెద్ద వరస. ముందున్న కుర్రాళ్ళు ఇస్త్రీ చొక్కాల్లో ఉన్నారు. చిన్న మేస్త్రి జుట్టు జిగురుతో నిలబడి ఉంది, మేస్త్రి చొక్కా నిండా మసి. వాళ్ళను చూసి ఒకతను, "కరెంటు పనివాళ్ళు అటు వెనక గేటు నుంచి రావాలి," అన్నాడు. తమ్ముడు నమ్రతగా, "వాళ్ళు చేరడానికొచ్చారండీ, రిపేరుకి నేనొచ్చాను," అన్నాడు.

వాళ్ళ వంతు నాలుగింటికి పది నిమిషాలుండగా వచ్చింది. గుమస్తా కళ్ళజోడు సర్దుకుని కాగితం అటూ ఇటూ తిప్పాడు. "ఇంతసేపూ ఏం చేస్తున్నారండీ? వారం నుంచీ తెరిచే ఉంది."

"మోటారు చుడుతున్నాం," అన్నాడు మేస్త్రి.

"ఇక్కడ సంతకం చెయ్యండి. ఇదిగో, ఈ గడి ఖాళీగా వదిలేశారు. కాలేజీలో చేరడానికి కారణం. రెండు లైన్లు. త్వరగా."

మేస్త్రి సంతకం చేసి పెన్ను అందిస్తే, ఆమె పట్టుకుని పక్కవాళ్ళవి చూసింది. ఒకరు ఉద్యోగం అని రాశారు. ఒకరు తల్లిదండ్రుల కోరిక అని రాశారు. ఒకతను దేశసేవ అని రాసి, అక్షరదోషం కొట్టేసి మళ్ళీ రాశాడు. ఆమెకు ఏం రాయాలో తోచలేదు. చెప్పాలంటే చాలా ఉంది, ఉన్నవి రెండు లైన్లు. గడియారం ముల్లు కదిలింది.

మేస్త్రి ఆమె భుజం మీదుగా వంగాడు. "రాయమ్మా. మా నాన్న పుస్తకంలో తప్పుంది, అని రాయి."

"నాన్నా!"

"రాయవే. ఉన్నమాటే కదా."

గుమస్తా పెన్సిలు కింద పెట్టాడు. "ఇదేం కారణమండీ?"

"ముప్పై ఏళ్ళ కారణమండీ," అన్నాడు మేస్త్రి, వరసలో చివరివాడికి కూడా వినబడేలా. సిగ్గూ లేదు, తగ్గడమూ లేదు. "నేను తప్పును లెక్కపెట్టడం దాకా నేర్చుకున్నాను. తప్పని చెప్పడం నాకు రాలేదు. ఈ పిల్లకు వచ్చింది. పూర్తిగా రావాలి. మీ దగ్గర నేర్పుతారంటున్నారు, అందుకే తెచ్చాను."

వరసలోని తలలన్నీ ఇటు తిరిగాయి. ఆమె పెన్ను గడి మీద ఆనించింది. తండ్రి చెప్పిన మాటను చెప్పినట్టే, ఒక్క అక్షరం మార్చకుండా రాసింది. రెండో లైన్లో తన మాట చేర్చింది: నా పుస్తకంలో కూడా ఉండొచ్చు.

గుమస్తా ఆ రెండు లైన్లూ చదివాడు. మళ్ళీ చదివాడు. ముద్ర తీసి, సిరా దిండు మీద గట్టిగా అద్ది, కాగితం మీద కొట్టాడు. మేస్త్రి ఆ ముద్ర ఆరేదాకా కిటికీ దగ్గర నుంచి కదల్లేదు.